ఏడుపు కూడా కంటెంటేనా?

ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద తీసిన రియాలిటీ షోలు పిల్లలు చూడొచ్చా అంటూ కొంతకాలంగా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. తల్లులు రాశారు, తండ్రులు రాశారు, నన్ను గట్టిగానే నిలదీస్తూ ఒక అమ్మాయి కూడా రాసింది. ఈసారి కాలమ్ మొత్తం వాళ్ళకే. కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. నేను సైకాలజిస్టుని కాదు. టీవీలో రియాలిటీ షోలకి చాలా ఏళ్ళు వీడియో ఎడిటర్‌గా పనిచేశాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఇక్కడ చెప్పేవన్నీ ఆ రెండు పనుల్లో కళ్ళారా చూసినవి, కాస్త చదివి తెలుసుకున్నవి.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. సెలవుల్లో 'హైప్ హౌస్' అనే షో మొత్తం చూసేసింది. టిక్‌టాక్ స్టార్లంతా ఒకే బంగళాలో ఉంటూ వీడియోలు చేసుకుంటారు, అదీ కథ. నేనూ పక్కన కూర్చుని ఒకటి రెండు ఎపిసోడ్లు చూశాను. నోరు తెరిస్తే బూతు. నేను ముఖం చిట్లిస్తే, "ఇవన్నీ స్కూల్లో రోజూ వినేవేలే అమ్మా" అంటుంది. దానికీ నేను పెద్దగా బాధపడటం లేదు. ఆ షో చూశాక ఒక కొత్త అలవాటు మొదలైంది. ఇంట్లో ఏ చిన్న గొడవ జరిగినా గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని, జరిగిందంతా చెప్పుకుంటూ రికార్డ్ చేసుకుంటోంది. ఎవరికీ పంపడం లేదట, ఊరికే దాచుకుంటోందట. నాకు అదోలా ఉంది. షోలు మానిపించాలా? అసలివి ఆ వయసు పిల్లలు చూడదగ్గవేనా? (ఒక తల్లి)

జవాబు: చెల్లెమ్మా, బూతుల సంగతి తేలిక కాబట్టి అది ముందు తేల్చేద్దాం. 'హైప్ హౌస్' 2022 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, మొత్తం 8 ఎపిసోడ్లు. అమెరికా లెక్కలో దాని రేటింగ్ టీవీ-ఎంఏ. 17 ఏళ్ళలోపు పిల్లలకి తగకపోవచ్చని దాని అర్థం. అక్కడ ఈ రేటింగ్‌ని ప్రభుత్వ బోర్డు ఇవ్వదు, ప్రసారం చేసే సంస్థే తన కార్యక్రమానికి తాను వేసుకుంటుంది. భారత్‌లో కూడా 2021 నిబంధనలు వచ్చాక ఓటీటీలు తమ కార్యక్రమాలను యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని తామే విడదీస్తున్నాయి. 13+ దగ్గర నుంచి పేరెంటల్ లాక్ ఇవ్వడం తప్పనిసరి. కాబట్టి స్క్రీన్ మూలన కనిపించే ఆ చిన్న అంకెని తీసిపారెయ్యకండి. కాకపోతే ఆ అంకె చూసేది బూతులు, మత్తు, శృంగారం, హింసలాంటి వాటినే. తెర మీద పిల్ల బాధ తట్టుకోలేక ఏడుస్తోందా, కెమెరా ఉంది కాబట్టి ఏడుస్తోందా అనేది ఏ రేటింగులోనూ ఉండదు. నాకు పట్టింపు దాని గురించే. మీ ఉత్తరం చదివితే మీకూ దాని గురించే అనిపిస్తోంది.

ఆ బంగళా సంగతి చూడండి. 2019 డిసెంబర్‌లో కొందరు కుర్ర టిక్‌టాకర్లు కలిసి మొదలుపెట్టిన అడ్డా అది. నెట్‌ఫ్లిక్స్ కెమెరాలు లోపలికి వెళ్ళేసరికి, మొదట్లో దానికి పేరు తెచ్చినవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకి థామస్ పెట్రూ అనే కుర్రాడు పెద్దదిక్కు. అతని గోల ఒకటే. ఎవరూ కంటెంట్ చెయ్యడం లేదు, చెయ్యకపోతే ఇల్లు నడవదు. ఇంకొకడు అలెక్స్ వారెన్, వ్యూస్ కోసం తన గర్ల్‌ఫ్రెండ్ కూవర్ ఆనన్‌తో ఉత్తుత్తి పెళ్ళికి ఏర్పాట్లు చేస్తాడు. (ఆ ఇద్దరూ 2024లో నిజంగానే పెళ్ళి చేసుకున్నారు. అతను ఇప్పుడు పేరున్న గాయకుడు.) నన్నడిగితే ఆ షో తెలియకుండానే బయటపెట్టిన నిజం ఇదే. పడుకునే ఇల్లూ పనిచేసే ఆఫీసూ ఒకటే అయితే అలక, ఏడుపు, పెళ్ళి అన్నీ డ్యూటీలో భాగమైపోతాయి. పెద్దవాళ్ళం అది చూసి అయ్యో పాపం అనుకుంటాం. పద్నాలుగేళ్ళ పిల్లకి అందులో ఇంకోటి కనిపిస్తుంది. బాధ కలిగితే ఏం చెయ్యాలో ఒక పద్ధతి కనిపిస్తుంది.

మీ అమ్మాయి తలుపేసుకుని చేస్తున్నది ఆ పద్ధతే. రియాలిటీ షోలో ఏ గొడవ జరిగినా, ఆ వెంటనే ఒక మనిషి ఒంటరిగా కుర్చీలో కూర్చుని కెమెరాకి మనసు విప్పుతుంది. ఎడిట్ రూమ్‌లో మేం దాన్ని 'బైట్' అంటాం. చూసేవాళ్ళకి గొడవ అవ్వగానే వెళ్ళి కూర్చున్నట్టు ఉంటుంది. చాలాసార్లు ఆ బైట్ తీసేది రోజులో వారాలో గడిచాక. కంటిన్యుటీ కోసం అదే డ్రెస్సు మళ్ళీ వేయిస్తారు, జుట్టు అలాగే దువ్విస్తారు. డైరెక్టర్ పక్కన కూర్చుని, "ఇప్పుడే జరిగినట్టు చెప్పమ్మా" అంటాడు. "అప్పుడు చాలా బాధపడ్డాను" అంటే పనికిరాదు, "నాకు చాలా బాధగా ఉంది" అనాలి. పాపం ఆ పిల్ల మూడు వారాల కిందటి బాధని మళ్ళీ తవ్వి తీస్తుంది. ఒక షోలో అలా ఏడ్చిన అమ్మాయి, కన్నీళ్ళు తుడుచుకోకుండానే కెమెరామన్ వైపు తిరిగి, "వచ్చిందా అన్నా? ఇంకోసారి చెయ్యనా?" అని అడిగింది. గొంతులో ఇంకా వెక్కిళ్ళు ఉన్నాయి. ఆ ఏడుపు అబద్ధం కాదు, ఆ ప్రశ్నా అబద్ధం కాదు. ప్రసారమైన ఎపిసోడ్‌లో ఏడుపు ఉంది, ప్రశ్న లేదు.

అందుకని మీ అమ్మాయి రికార్డింగుల విషయంలో కంగారు పడొద్దు. డైరీ రాసుకునే పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటే. ఆ వీడియో ఒకసారి తీసి ఊరుకుంటోందా, నచ్చలేదని చెరిపేసి జుట్టు సర్దుకుని మళ్ళీ తీసుకుంటోందా? ఒకసారే అయితే అది డైరీయే, వదిలెయ్యండి. మళ్ళీ మళ్ళీ తీస్తోంది అంటే, తన బాధని తనే బయట నుంచి చూసుకుని మార్కులు వేసుకోవడం మొదలైందని. అప్పుడు మాట్లాడాలి. అలాగని తను లేనప్పుడు ఫోన్ తీసి వెతక్కండి. ఆ పని చేస్తే ఇక మీతో ఏదీ చెప్పదు. నేరుగా అడిగితే చెప్పే వయసే. మెల్లగా, వేరే పనిలో ఉన్నప్పుడు అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే అదీ ఒక బైట్ అయిపోతుంది.

మానిపించడం గురించి అడిగారు. ఎనిమిదీ చూసేశాక ఇప్పుడు వద్దంటే ఏం లాభం? నా అభిప్రాయం మాత్రం చెప్తాను, ఆ షో పద్నాలుగేళ్ళకి తొందరే. పదహారు దాటాక, ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన ఉండి చూస్తే నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు చెయ్యదగ్గది ఒకటుంది. ఇదే కోవలో 'ద డమీలియో షో' అని 2021 సెప్టెంబర్‌లో హులూ అనే అమెరికా ఓటీటీలో మొదలైంది. అందులో మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ ముందు మీరొక్కరే చూడండి. సరే అనిపిస్తే అమ్మాయితో కలిసి చూడండి. అది చార్లీ డమీలియో, ఆమె అక్క డిక్సీ, వాళ్ళ అమ్మానాన్నల కథ. చార్లీ 2004లో పుట్టింది. 2020 నవంబర్‌లో, పదహారేళ్ళకే, టిక్‌టాక్‌లో 10 కోట్ల ఫాలోవర్లు దాటిన మొదటి మనిషి అయింది. ఆ అంకె చేరడానికి కొద్ది రోజుల ముందే, ఇంట్లో భోజనాల దగ్గర తీసిన ఒక వీడియోలో పొగరుగా ప్రవర్తించారని జనం అక్కాచెల్లెళ్ళ మీద విరుచుకుపడ్డారు, లక్షల మంది ఆమెని అన్‌ఫాలో చేశారు. షోలోకి వస్తే, కామెంట్లు చదివి డిక్సీ కుప్పకూలి ఏడ్చే ఘట్టం ఉంటుంది. అమ్మానాన్నలు పక్కనే ఉంటారు. అంతమంది ఫాలోవర్లు ఉండీ ముక్కూముఖం తెలియని వాడి మాటకి అలా కదిలిపోవడం పిల్లలకి బాగా తెలిసొస్తుంది. ఆ మాట మనం చెప్తే ఉపన్యాసంలా ఉంటుంది.

ఆ ఘట్టం అయ్యాక మీ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగండి. అక్క ఏడుస్తుంటే కెమెరా పట్టుకున్న మనిషి ఎంత దూరంలో నిలబడి ఉంటాడు? నా అనుభవంలో జవాబు ఇలా ఉంటుంది. రెండు బారల దూరంలో కెమెరా. తల మీద కర్రకి కట్టిన మైకు. పక్క గదిలో మానిటర్ ముందు ఇంకొందరు. ఆ పిల్ల బట్టల్లోనే ఒక చిన్న మైకు, గుడ్డ రాసుకున్న చప్పుడు కూడా వాళ్ళ చెవుల్లో పడుతుంది. అమ్మానాన్నల సంగతీ అంతే, వాళ్ళూ ఆ షోలో పాత్రలే. మీ అమ్మాయి దీనికి ఏం చెప్పినా సరే, సరిదిద్దకండి. వినండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్ళు. 13+ అని ఉన్న ఇన్‌ఫ్లుయెన్సర్ షో చూస్తానంటున్నాడు. రెండేళ్ళ తేడాకి ఏమవుతుంది మేడమ్? పైగా అకౌంట్ తెరవడానికి కూడా పదమూడేళ్ళే కదా, అక్కడి నుంచి పిల్లలు పెద్దవాళ్ళయినట్టే కదా? (ఒక తండ్రి)

జవాబు: వద్దండి. పదకొండేళ్ళ పిల్లాడు తెర మీద జరిగింది జరిగినట్టే తీసుకుంటాడు. ఎడిటింగ్ అనే మాట తెలుసుంటుంది, చూస్తున్నప్పుడు గుర్తుకు రాదు.

పదమూడు గురించి మాత్రం ఒక మాట. సోషల్ మీడియా యాప్‌లలో ఆ అంకె పిల్లల మనసుని కొలిచి పెట్టింది కాదు. అమెరికాలో 1998లో పిల్లల ఆన్‌లైన్ గోప్యత మీద ఒక చట్టం చేశారు, 2000లో అమల్లోకి వచ్చింది. 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. ఆ తలనొప్పి ఎందుకని కంపెనీలు ఏకంగా పదమూడు నిండినవాళ్ళకే అకౌంట్ అన్నాయి. అంతే కథ. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ నుంచి ప్రధాన సోషల్ మీడియా వేదికల్లో 16 ఏళ్ళలోపు వాళ్ళకి అకౌంట్లే ఉండకూడదంది. భారత్‌లో 2023 డేటా చట్టం 18 నిండేదాకా పిల్లలే అంటోంది. ఈ మూడు అంకెల్లో మీ అబ్బాయి గురించి చెప్పేది ఒక్కటీ లేదు. చూసిన దాని మీద మీతో వాదన పెట్టుకునే వయసు వచ్చాక చూపించండి. ఇప్పుడే పెట్టుకుంటున్నాడంటారా? అది రిమోట్ కోసం.

ప్రశ్న: ఆంటీ, మీ కాలమ్ పుణ్యమా అని మా ఇంట్లో రిమోట్ మా అమ్మ చేతికి వెళ్ళిపోయింది. నాకు పదహారేళ్ళు. ఆ షోలు స్క్రిప్టెడ్ అని మాకు మీకన్నా బాగా తెలుసు. మేం నమ్మి చూడం, ఫ్రెండ్స్‌తో కలిసి నవ్వుకోడానికి చూస్తాం. సీరియల్లో కోడలికి విషం పెడితే మా అమ్మ నిజమనుకుంటోందా? తను రోజూ చూడొచ్చు, నేను చూడకూడదా? మాకెందుకీ క్లాసులు? (పేరు రాస్తే మా అమ్మ గుర్తుపడుతుంది)

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. సీరియల్ పాయింటు బాగానే తగిలింది. అమ్మకి నా మాటగా చెప్పు, పదహారేళ్ళ పిల్ల దగ్గర రిమోట్ లాక్కుంటే ఆ పిల్ల ఫోన్‌లో చూస్తుంది. హాల్లో చూడటమే నయం.

ఇప్పుడు నీ వంతు. సీరియల్లో విషం పెట్టిన ఆవిడ మర్నాడు ఇన్‌స్టాలోకి వచ్చి, అదే పేరుతో, "నిన్న ఎందుకు పెట్టానంటే" అని లైవ్ చెయ్యదు. రియాలిటీ షోలో మనిషి చేస్తుంది. ఎపిసోడ్ అవ్వగానే నువ్వు ఆ అమ్మాయి పేజీకి వెళ్తావు, అక్కడ అదే ముఖం, అదే పేరు, అదే గొడవ మీద ఇంకో వీడియో. సీరియల్‌కి శుభం కార్డు ఉంటుంది, దీనికి ఉండదు. "అంతా ఫేక్" అని నువ్వన్నప్పుడు నువ్వు కొట్టిపారేసేది గొడవని. సరే. ఆ చర్మాన్ని కొట్టిపారేశావా? ఆ నడుముని? పొద్దున నిద్రలేచిన సీన్‌లో కూడా చెదరని ఆ కనురెప్పల్ని? కథని అనుమానించే పిల్లలు కూడా వెనక కనిపించే వాటిని అనుమానించరు. నేను రోజూ మానిటర్ మీద ఆ ముఖాలకి రంగు సరిచేయించినదాన్ని. అయినా ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడితే నాకే నా ముఖం వాడిపోయినట్టు ఉండేది.

లెక్కలు కావాలంటే ఒకటుంది. అమెరికాలో గర్ల్ స్కౌట్స్ అనే ఆడపిల్లల సంస్థ పరిశోధన విభాగం 2011లో, 11 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిలు 1,141 మందిని రియాలిటీ టీవీ గురించి అడిగింది. ఆడపిల్లల మధ్య చాడీలు మామూలేనని తరచూ చూసేవాళ్ళలో 78 శాతం అన్నారు, చూడనివాళ్ళలో 54 శాతం. ముస్తాబుకి చాలా టైమ్ పెడతామని చూసేవాళ్ళలో 72 శాతం చెప్తే, చూడనివాళ్ళలో 42 శాతం. నువ్వు తెలివైనదానివి కాబట్టి వెంటనే అడుగుతావు, షో చూసి అలా అయ్యారా, అలాంటివాళ్ళే షో చూస్తున్నారా అని. సర్వేతో అది తేలదు, నిజమే. ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే మీ అమ్మ వైపే మాట్లాడానంటావు. ఆ షోల వల్ల ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో మాటలు కలిశాయని అదే సర్వేలో 75 శాతం మంది చెప్పారు.

నవ్వుకోడానికే చూస్తామన్నావు కదా, ఇంకా బాగా నవ్వుకునే దారి చెప్తాను. ఒక మనిషి మాట్లాడుతుండగా మధ్యలో ఆమె ముఖం మీంచి కెమెరా పక్కకెళ్ళి, ఎదుటివాళ్ళ ముఖమో, చేతులో, కిటికీయో చూపించి, ఈలోగా ఆమె మాట మాత్రం ఆగకుండా వినిపిస్తుంటే అక్కడ చెవి పెట్టు. ఆ వాక్యం రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి అతికించింది అయ్యుండొచ్చు. నోరు కనిపించకపోతే ఎడిటర్‌కి స్వేచ్ఛ. అమెరికాలో ఈ పనిచేసేవాళ్ళు దాన్ని 'ఫ్రాంకెన్‌బైట్' అంటారు. "ఆమెని నేను ద్వేషించట్లేదు, తన పద్ధతి నచ్చదు" అన్న మాటలో నుంచి "ఆమె నచ్చదు" అని తియ్యడం రెండు నిమిషాల పని. గొంతులో హెచ్చుతగ్గులు అతుకు దగ్గర కాస్త గెంతుతాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నీకూ తెలుస్తుంది. రియాక్షన్ షాట్లు ఇంకా సరదా. ఒకరు ఏదో అనగానే ఇంకొకరు కళ్ళు తిప్పుకున్నట్టు చూపిస్తారు. ఆ కళ్ళు తిప్పడం పొద్దున లైట్ కళ్ళలో పడినప్పటిది కావచ్చు. బల్ల మీద గ్లాసులో నీళ్ళు చూడు. ఒకే మాటల మధ్య సగం ఉన్నవి నిండుతాయి, మళ్ళీ తగ్గుతాయి. చెవిపోగు కూడా చూడు. జుట్టు భుజం ముందుందా వెనకుందా చూడు.

చివరగా సౌండ్ మ్యూట్ చేసి ఒక గొడవ చూడండి, నీ ఫ్రెండ్స్ అందరూ కలిసి. బీజీఎం లేకపోతే సగం గొడవల్లో జనం ఊరికే నిలబడి ఉంటారు. వీలైతే ఆ సీన్ అమ్మతో కూడా చూడు. ఆ తర్వాత ఆవిడ సీరియల్ కూడా మ్యూట్ చేసి చూద్దామను. అక్కడ నీకు జరిగే న్యాయానికి నాది బాధ్యత కాదు.

ప్రశ్న: నేను హైస్కూల్ టీచర్‌ని. పిల్లలతో ఈ విషయం మీద చర్చ పెట్టాలనుకుంటున్నాను. ఏ షో వాడుకోవచ్చు?

జవాబు: మొత్తం షో ఏదీ వద్దు, ఆట నియమాలు చెప్తే చాలు. 'ద సర్కిల్' అని ఉంది, 2018లో బ్రిటన్‌లో ఛానల్ 4లో మొదలై, 2020లో నెట్‌ఫ్లిక్స్ అమెరికా వెర్షన్‌తో బాగా తెలిసింది. ఆటగాళ్ళు వేరు వేరు ఫ్లాట్లలో ఒంటరిగా ఉంటారు, ఒకరినొకరు చూడరు. ప్రొఫైల్ ఫొటో, మెసేజ్‌లు, అంతే. ఎవరైనా ఇంకొకరిలా నటించొచ్చు. అందరూ అందరికీ ర్యాంకులు ఇస్తారు, పైన నిలిచినవాళ్ళని 'ఇన్‌ఫ్లుయెన్సర్లు' అంటారు, వాళ్ళు ఒకరిని బ్లాక్ చేసి బయటికి పంపుతారు. అమెరికా మొదటి సీజన్‌లో తన సొంత ముఖంతో, సొంత పేరుతో ఆడినవాడు గెలిచాడు. రెండో సీజన్‌లో తన భర్త ఫొటోలతో, భర్తలా నటించిన ఆవిడ గెలిచింది. ఈ రెండు ఫలితాలూ బోర్డు మీద రాసి మీరు పక్కకి జరగండి. "రెండో ఆవిడ చేసింది మోసమా, ఆటా?" అన్న దగ్గర పీరియడ్ అయిపోతుంది. పిల్లల సొంత అకౌంట్ల గురించి మాత్రం క్లాసులో అడగొద్దు. ఎవరికి ఎంతమంది ఫాలోవర్లో అందరి ముందూ తేలిపోతే కొందరికి అది చాలా రోజులు గుచ్చుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్ళు. డాన్స్ వీడియోలు పెడుతుంది, చూసేవాళ్ళు బాగానే ఉన్నారు. కొత్తగా తీస్తున్న ఇన్‌ఫ్లుయెన్సర్ల రియాలిటీ షో ఆడిషన్‌కి రమ్మని మెసేజ్ వచ్చింది. తను ఎగిరి గంతేస్తోంది. మా ఆవిడ వద్దంటోంది. నాకు రెండు వైపులా న్యాయం కనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు? (ఒక తండ్రి)

జవాబు: చూడటం గురించి అడిగినవాళ్ళకి కాస్త ఇటూ అటూ చెప్పాను. ఇందులో కనిపించడం గురించి అయితే నా మాట ఒకటే, పద్దెనిమిది నిండేదాకా ఆగమనండి. డాన్స్ పోటీ అయితే వేరే మాట. అక్కడ చూపించేది కాళ్ళూ చేతుల పనితనం. ఇక్కడ సరుకు ఆ అమ్మాయి స్వభావమే.

అయినా మీరు వెళ్ళేలాగే ఉన్నారు, కాబట్టి తెలిసింది చెప్తాను. ముందుగా ఆ మెసేజ్ నిజంగా నిర్మాణ సంస్థ నుంచే వచ్చిందో లేదో చూసుకోండి. ఎవరైనా ఆడిషన్‌కి ఫీజు కట్టమంటే అక్కడికక్కడే వదిలెయ్యండి. పిల్లని ఒంటరిగా పంపొద్దు, వీడియో కాల్‌లో ఆడిషన్ అన్నా మీరు గదిలో ఉండాలి.

తర్వాత డబ్బు. సినిమాల్లో నటించే పిల్లల సంపాదనని కాపాడటానికి కాలిఫోర్నియాలో 1939లోనే చట్టం వచ్చింది. వీడియోల్లో కనిపించే పిల్లల గురించి ప్రభుత్వాలకి మెలకువ వచ్చింది మాత్రం ఈమధ్యే. ఫ్రాన్స్ 2020లో చట్టం చేసింది, 16 ఏళ్ళలోపు పిల్లల ఆదాయంలో కొంత భాగం వాళ్ళు మేజర్ అయ్యేదాకా భద్రంగా ఉంచాలి, తమ వీడియోలు తీసెయ్యమని అడిగే హక్కు కూడా పిల్లలకి ఉంటుంది. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం 2024 జులై నుంచి, తల్లిదండ్రుల వీడియోల్లో కనిపించే పిల్లలకి ఆదాయంలో వాటా ఇచ్చింది. బ్రిటన్‌లో ప్రసారాల మీద నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021 ఏప్రిల్ నుంచి, షోల్లో పాల్గొనేవాళ్ళ బాగోగులు చూసే బాధ్యతని ప్రసార సంస్థల మీదే పెట్టింది. ఇవన్నీ మీ అమ్మాయికి వర్తిస్తాయని చెప్పడం లేదు. అక్కడ చట్టం పెట్టి మరీ ఇప్పించినవేమిటో తెలిస్తే, మీరు ఏం అడగాలో తెలుస్తుంది. ఎంత ఇస్తారు, ఎవరి పేరు మీద ఇస్తారు, రోజుకి ఎన్ని గంటలు షూటింగ్, ఆ గంటల్లో చదువు సంగతేమిటి, మీలో ఒకరు సెట్‌లో ఉండొచ్చా, ప్రసారం మొదలయ్యాక మాట్లాడటానికి కౌన్సెలర్‌ని ఇస్తారా? ఈ చివరి ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. షూటింగ్ రోజుల్లో పిల్లలు హుషారుగానే ఉంటారు. ఎపిసోడ్ వచ్చిన రాత్రి, కామెంట్లు మొదలయ్యాక, అప్పటికి యూనిట్ అంతా ఇంకో షోలో ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తేవాడు ఉండడు. అలా ఎత్తని ఫోన్లు మా ఎడిట్ రూమ్ బల్ల మీద మోగుతుంటే విన్నాను.

ఇక కాగితం. ఒప్పంద పత్రాన్ని ఇంటికి తీసుకెళ్ళి లాయర్‌కి చూపించుకుంటామనండి. అక్కడే సంతకం పెట్టాలంటే తిరిగొచ్చెయ్యండి. ఇస్తే మాత్రం, లాయర్ దగ్గరికి వెళ్ళేముందు ఒక పేరా వెతకండి. సాధారణంగా చివర్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ అమ్మాయి మాటల్ని, దృశ్యాల్ని తమకి నచ్చినట్టు కత్తిరించుకోవచ్చని, వేరే వరసలో పెట్టుకోవచ్చని, దానివల్ల ఆమె పరువుకి భంగం కలిగినా కేసు వెయ్యకూడదని, ఇదంతా శాశ్వతమని అందులో ఉంటుంది. నేను పనిచేసింది ఆ పేరా ఇచ్చిన అనుమతితోనే. దాన్ని మీరు చదివి వివరించొద్దు. అమ్మాయి చేతికిచ్చి, మీ ఇద్దరి ముందూ పైకి చదవమనండి. ఆడిషన్‌కి వెళ్ళాలా వద్దా అన్నది ఆ తర్వాత తననే అడగండి.